ఏ ముక్కలు ఉంచుకోవాలి

లాస్ వేగస్,
4 ఫిబ్రవరి 1996

ఒరేయ్ డెల్మర్,

నువ్వు పంపిన పైన్ గింజలు అందాయి. దారిలో పెట్టె మూల చిరిగి సగం పోస్టుమేన్ సంచిలో రాలిపోయాయట. అతను పాపం ఒక్కొక్కటీ ఏరి ఇచ్చాడు. ఏరినందుకు కూలీగా ఒక గుప్పెడు తనే జేబులో వేసుకున్నాడు. ఈలీలో మోకాలి లోతు మంచు పడిందని రాశావు. ఇక్కడ నేను చెప్పుల్లేకుండా వాకిట్లో నిలబడి గులాబీలకు నీళ్ళు పెడుతున్నాను. కుళ్ళుకోకు, జూలైలో నేను ఉడికిపోతున్నప్పుడు నవ్వుకునే వంతు నీదే.

గని పేలుళ్ళు నీ చెవులు తినేశాక మనకు ఫోను దండగైపోయింది గానీ, నాకు ఉత్తరాలే హాయి. ఫోనులో నువ్వు "ఆఁ? ఏంటీ?" అనడం తప్ప నేను విన్నదేమీ లేదు.

మంగళ, గురువారాలు మధ్యాహ్నం మీ బావా నేనూ కాపర్ మ్యూల్ కాసినోకి వెళ్తున్నాం. అదే మూల, అవే రెండు మిషన్లు. మొన్న పక్క సీట్లో కొత్తావిడ ఒకామె కూర్చుని, "ఇందులో మీరు చేసేదేముందండీ, అంతా అదృష్టమేగా" అంది. ఓపిగ్గా చెప్పాను. "చూడమ్మా, ఇది అయిదు పేకముక్కలు చూపిస్తుంది. కావలసినవాటి కింద మీట నొక్కి ఉంచుకుంటావు. మిగిలినవి ఒక్కసారి మారుస్తుంది. వచ్చేవి దాని ఇష్టం, ఉంచుకునేవి నీ ఇష్టం. అంతే." ఆవిడ పెద్దగా తల ఊపి, లేచి బొమ్మలు తిరిగే మిషన్ల వైపు వెళ్ళిపోయింది.

మీ బావ బాగానే ఉన్నాడు. గరాజులో ఏదో విప్పుకుంటున్నాడు. ఉత్తరం కింద ఒక ముక్క రాయమంటే తర్వాత అన్నాడు.

ఈ వారం ముక్కలు: ఎనిమిది కళావరు, ఎనిమిది డైమను, అయిదు ఇస్పేటు, రెండు డైమను, ఆఠీను రాణి. ఉంచుకున్నది రాణి ఒక్కటే. ఏమీ రాలేదు.

మీ అక్క,
ఓలీటా


ఈలీ,
13 ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎనిమిదుల జత చేతిలో పెట్టుకుని ఒంటరి రాణిని ఉంచుకున్నావా? చిన్న జతైనా జత జతే. బావ రాసిచ్చిన చీటీలో అది ఎంత పైన ఉందో, ఒక్క బొమ్మ ముక్క ఎంత కింద ఉందో నీకు నేను చెప్పాలా? నాకు ఈ ఆట నేర్పింది మీరిద్దరే కదా. ఆ చీటీ ఇప్పటికీ నా చొక్కా జేబులోనే ఉంది. పై నుంచి కిందికి చదువు, నీ ముక్కలకు సరిపోయే మొదటి వరుస దగ్గర ఆగు, అక్కడ ఏం రాసి ఉంటే అవే ఉంచు. ఇరవై ఏడేళ్ళు కాసినో మిషన్లు విప్పి బిగించిన మనిషి లెక్క అది. పన్నెండేళ్ళుగా మనం ఉత్తరం చివర అయిదు ముక్కలు రాసుకుంటున్నాం, నువ్వు ఇంత తప్పు ఆడటం నేను చూడలేదు.

బావ ఉత్తరం కింద రాయక ఏడాది దాటింది. నాకు తెలుసు ఎందుకో. కిందటిసారి వచ్చినప్పుడు నా ట్రక్కు కార్బురేటర్ బాగు చేస్తే, "నువ్వు చెయ్యి పెట్టాక ఇంకా పాడైంది" అని నోరు జారాను. దానికి ఇంత కాలం అలగాలా? క్షమించమన్నానని చెప్పు. కార్బురేటర్ ఇప్పటికీ ఆయన బిగించినట్టే ఉంది.

ఇక్కడ చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. పచారీ కొట్టు గుమ్మం పక్కన నేను ఆడే మూడు మిషన్లలో ఒకటి ఆగిపోయింది. దానికీ మంచు పట్టిందని కొట్టువాడు అంటాడు.

నా ముక్కలు: ఇస్పేటు ఆసు, ఆఠీను రాణి, డైమను జాకీ, ఆరు కళావరు, మూడు డైమను. ఏవి ఉంచుకోవాలి?

డెల్మర్


లాస్ వేగస్,
24 ఫిబ్రవరి

ఒరేయ్ పెద్దమనిషీ,

రాణి, జాకీ ఉంచుకో. ఆసు పారెయ్. అందరూ ఆసును చూసి మురిసిపోయి మూడూ ఉంచుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. ఇంతకంటే గట్టివి దొరకలేదా అడగడానికి?

ఎనిమిదుల సంగతంటావా, వేలు జారింది. డెబ్భై ఏళ్ళ వేలు జారకూడదా? నీ పాఠం చదివితే నేను నా పెన్షనంతా ఆ మిషన్లో పోస్తున్నానని నీకు భయం పట్టినట్టుంది. నేను పెట్టేవి పావలా నాణేలు, అదీ నా చేతిసంచిలోంచి. నాకు కాపలా కాయనక్కర్లేదు.

బావకు నీ క్షమాపణ చెప్పాను. సరే అన్నాడు.

మా వెనకవైపు ఖాళీగా ఉన్న ఎడారి అంతా చదును చేసి ఇళ్ళు కడుతున్నారు. పొద్దున్నించీ దుమ్ము. ఇంట్లో ఏ బల్ల మీద వేలు పెట్టినా పేరు రాయొచ్చు. ఒకరోజు నిజంగానే వంటింటి బల్ల మీద నా పేరు, మీ బావ పేరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. ఎందుకని అడక్కు.

ఈ వారం: రెండు రాజులు, ఒక రాణి, ఒక నాలుగు, ఒక తొమ్మిది. రాజులతో పాటు రాణిని కూడా ఉంచుకోవడం జరిగింది. జత మాత్రం అలాగే ఉండి పెట్టిన నాణేలు తిరిగి వచ్చాయి.

ఓలీటా


ఈలీ,
6 మార్చి

అక్కా,

డబ్బు గురించి నేను ఒక్క మాట అనలేదు. కావాలంటే నా ఉత్తరం తీసి చదువుకో.

రెండు రాజులు ఉంటే మిగిలిన మూడూ మార్చాలి. తోడుగా ఇంకో బొమ్మ ముక్కను అట్టిపెట్టుకుంటే మూడో రాజు వచ్చే దారి ఇరుకైపోతుంది. మన నాన్న చేసిన తప్పు ఇదే కదా. ఆయన పేకాటలో ఏ జతకైనా ఒక ఆసు తోడు పెట్టుకునేవాడు, "ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది" అంటూ. వాకిట్లో ఆ విరిగిన చక్రాలూ తుప్పు రేకులూ అలాగే పోగు పడ్డాయి. నువ్వే నవ్వేదానివి ఆయన్ని చూసి.

అక్కా, కళ్ళద్దాలు మార్పించుకున్నావా? రాత్రిళ్ళు నిద్ర పడుతోందా? పొయ్యి కట్టేశావో లేదో చూసుకుంటున్నావా? ఊరికే అడుగుతున్నాను.

నా ముక్కలు: రెండు జాకీలు, ఒకటి డైమను, ఒకటి కళావరు. వాటితో పాటు డైమను తొమ్మిది, అయిదు, రెండు. అంటే నాలుగు డైమన్లు, ఇంకొక్కటి వస్తే అయిదూ ఒకే రంగు. ఏం చేస్తావు?

డెల్మర్


లాస్ వేగస్,
16 మార్చి

డెల్మర్‌కు,

రెండు జాకీలు ఉంచుతాను. రంగు కోసం ఎగబడను. చిన్న జతైతే పారేసి రంగుకు వెళ్ళేదాన్ని, జాకీల జతకు పెట్టిన నాణేలు ఎలాగూ తిరిగొస్తాయి కాబట్టి వెళ్ళను. చాలా? పొయ్యి కట్టేశాను. అద్దాలు బాగానే ఉన్నాయి. నిద్ర సంగతి అడక్కు, నిద్ర ఎవరికి పడుతోంది ఈ కాలంలో.

నీ ఉత్తరాలు ఈ మధ్య డాక్టరు రాసినట్టు ఉంటున్నాయి. కిందటేడు నీ కోళ్ళ గురించి రాసేవాడివి. ఆ పిచ్చి పుంజు ఏమైంది? అవి రాయి నాకు. చదివి నవ్వుకోవడానికి ఇంట్లో ఇంకేమీ లేదు.

ఈ వారం: రెండు పదులు, రెండు నాలుగులు, ఒక రాణి. రాణిని ఉంచుకుని మిగతా నాలుగూ వదిలేయడమైంది.

ఓలీటా


ఈలీ,
22 మార్చి

అక్కా,

రెండు జతలు చేతికొస్తే పారేశావా?

దీనికి వేలు జారిందని చెప్పకు. ఒక మీట జారుతుంది, నాలుగు జారవు. నాకు వారం నుంచి అమ్మే గుర్తొస్తోంది. ఇస్త్రీపెట్టెను ఐసుపెట్టెలో పెట్టి, మనం అడిగితే "అది అక్కడే కదా ఉండేది" అంది చూడు. అప్పుడు మనం నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

పుంజు చచ్చిపోయింది. నక్క.

నా ముక్కలు ఈసారి రాయను. ఏమనుకోకు.

డెల్మర్


లాస్ వేగస్,
9 ఏప్రిల్

డెల్మర్,

నువ్వు కోరిన్‌కి ఉత్తరం రాశావు. నా కూతురికి, నా వెనకాల.

సాల్ట్ లేక్ నుంచి చెప్పాపెట్టకుండా పెట్టె పట్టుకుని దిగింది. కాఫీ అయినా తాగకుండా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మా, ఇవాళ ఏ వారం? ఇప్పుడు అధ్యక్షుడు ఎవరు?" అని అడిగింది. వారం చెప్పాను, అధ్యక్షుడి పేరు చెప్పాను, డజను గుడ్ల ధర చెప్పాను, తను పుట్టినప్పుడు ఎన్ని గంటలు నొప్పులు పడ్డానో కూడా చెప్పాను. అది "మామయ్య కంగారుపడ్డాడమ్మా, నువ్వు ముక్కలన్నీ తప్పు ఆడుతున్నావట" అంటుండగానే గరాజు తలుపు తెరుచుకుని మీ బావ లోపలికి వచ్చాడు. కోరిన్‌ని ఎగాదిగా చూసి, "ఈ అమ్మాయెవరు? మిషను బాగు చేయించుకోవడానికొచ్చిందా?" అన్నాడు.

పద్నాలుగు నెలలు దాచాను, రెండు నిమిషాల్లో బయటపడింది.

ఆ ముక్కలు నేను ఆడినవి కావురా. మీ బావ ఆడినవి. ఇంట్లో ఆయన ఒకచోట కూర్చోడు. తలుపులు తీస్తాడు, వేస్తాడు, "ఇంటికి వెళ్దాం పద" అంటాడు ఇంట్లో నిలబడి. కాపర్ మ్యూల్‌లో ఆ మిషను ముందు కూర్చోగానే మాత్రం భుజాలు దిగుతాయి. చెవి ఆనించి విని, "దీని నాణేల పళ్ళెం అరిగిపోయింది" అంటాడు, అది నిజమే అవుతుంది. కానీ ఏ ముక్క ఉంచాలో తెలియదు. ఆ చీటీ రాసిన మనిషికి. అందుకని నాణెం నేను వేస్తాను, మీటలు ఆయన నొక్కుతాడు. రాణి వస్తే చాలు, వదలడు. "ఆడమనిషిని బయటికి తోసేస్తారా ఎవరైనా" అంటాడు. నా పేరు అడిగిన రోజున కూడా రాణిని వదల్లేదు.

నీకెందుకు రాశాను అంటావా? ఎవరో ఒకరు ఆయన ఆట చూడాలనిపించింది. ఏం జరుగుతోందో చెప్పకుండా చూపించాలనుకున్నాను. అది నా తెలివితక్కువతనం. కానీ నీదేం తెలివిరా? నువ్వు పంపిన ముక్కలకు ప్రతిసారీ సరైన జవాబు రాశాను కదా, అది నీ కళ్ళకు ఆనలేదా? నేను ఎక్కడ తప్పుతానా అని మాత్రం చూస్తూ కూర్చున్నావు.

ఇంకొకటి. ఆయన నీ మీద అలగలేదు. నీ కార్బురేటర్ ఆయనకు గుర్తు లేదు. నువ్వే గుర్తు లేవు. అలిగాడని నువ్వు అనుకోవడమే నయమనిపించి ఊరుకున్నాను.

కోరిన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. హెండర్సన్‌లో ఇలాంటివాళ్ళను చూసుకునే ఇల్లు ఒకటుందట, మే ఒకటిన మంచం ఖాళీ అవుతుంది. ఇరవై రెండో తేదీలోపు నేను సంతకం పెట్టాలి. లేకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. నీ ఉత్తరం చేసిన పని ఇది.

ఓలీటా


ఈలీ,
12 ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం పోస్టాఫీసు గుమ్మంలోనే చదివాను. పక్కనున్నవాళ్ళు కుర్చీ వేశారు.

నాది తప్పే. కోరిన్‌కి రాసేముందు నిన్ను అడగాల్సింది. నువ్వు పాడైపోతున్నావని ఎంత భయపడ్డానంటే, నీ జవాబులన్నీ సరిగ్గా ఉన్నాయని గమనించే తీరిక లేకపోయింది. ఇప్పుడు నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి చూస్తున్నాను. ప్రతి దాంట్లోనూ రాణి ఉంది. గుడ్డివాడికైనా కనిపిస్తుంది.

బావ నన్ను మర్చిపోయాడని రాశావు. నేను ఏడాదిపాటు ఆయన్ని మొండివాడని తిట్టుకుంటూ గడిపాను. ఎక్కువ బాధ దేనికో చెప్పలేకుండా ఉన్నాను.

ఏం చెయ్యమని చెప్పను. చీటీలో ఈ వరుస లేదు. నువ్వు ఏమనుకుంటున్నావో రాయి, చాలు.

డెల్మర్


లాస్ వేగస్,
15 ఏప్రిల్

తమ్ముడూ,

కోపం తగ్గింది. పూర్తిగా కాదు, కూర్చుని రాయగలిగేంత.

ఏమనుకుంటున్నానంటే, సంతకం పెడతాను. కిందటి శుక్రవారం నేను స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో ఆయన బయటికి నడిచాడు. ఒక కాలికే బూటు. బౌల్డర్ హైవే పక్కన సిటీ బస్సు డ్రైవరు చూసి, బస్సు ఆపి, ఎక్కించుకుని, పోలీసులు వచ్చేదాకా కబుర్లు చెబుతూ కూర్చోబెట్టాడట. ఆ డ్రైవరుకు ఆగే తీరిక లేకపోయి ఉంటే? ఆయన నూట ఎనభై పౌన్ల మనిషి. తూలితే నేను పట్టుకోలేను. రెండుసార్లు ఇద్దరం కలిసి కింద పడ్డాం, ఒకసారి లేచేసరికి గంట పట్టింది. అది కోరిన్‌కి చెప్పలేదు.

ఆ ఇంటికి వెళ్ళి చూశాను. శుభ్రంగా ఉంది. మనుషులు మంచివాళ్ళు. ఒక గదిలో అందరినీ కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టారు. "ఏవైనా ఆడిస్తారా?" అని అడిగాను. బంతి విసురుకుంటారట.

ఆయన చీటీ అంతా వదిలేయడం గురించే కదా, డెల్మర్. ఏది ఎంత ముద్దుగా ఉన్నా పనికిరానిది వదులు, లేకపోతే ఉన్నది కూడా పోతుంది. నలభై ఆరేళ్ళు ఆయన దగ్గర అదే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆయన మీదే అది వాడాల్సి వస్తుందనుకోలేదు. నాకు ఆయన్ని పంపడం ఇష్టం లేదు. ఒక్కదాన్నే ఉంచుకోలేను. అంతే సంగతి.

ఆదివారం కోరిన్ కాగితాలతో వస్తుంది.

అక్క


ఈలీ,
17 ఏప్రిల్

అక్కా,

సంతకం పెట్టకు. ఒక్కదానివే అన్నావు కదా, ఆ మాట దగ్గర ఆగాను.

కోళ్ళు కొట్టువాడికి ఇచ్చేశాను. శనివారం చీకటి పడేలోపు వస్తాను. వెనక గదిలో ఉన్న కుట్టుమిషను తీసేయ్, నా మంచానికి చోటు కావాలి. నాకు వినపడదు గానీ నూట ఎనభై పౌన్లు ఎత్తగలను, ముప్పై ఏళ్ళు రాళ్ళు ఎత్తాను. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు తలుపు దగ్గర కూర్చోగలను.

ట్రక్కు రెండు వందల నలభై మైళ్ళు వస్తే, అది బావ బిగించిన కార్బురేటర్ పుణ్యమే.

డెల్మర్


వెనక గది నుంచి వంటింటికి,
11 జూన్

అక్కా,

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. ఉప్పు సీసా కింద పెడుతున్నాను. ఎదురుగా చెప్పొచ్చు కదా అంటావు. చెబితే నువ్వు ఏదో అడుగుతావు, నాకు వినపడదు, నువ్వు కేకలేస్తావు, బావ బెదురుతాడు. పైగా కొన్ని నేను రాస్తేనే చెప్పగలను.

నువ్వు మధ్యాహ్నం పడుకున్నప్పుడు లేపలేదు. నేనే ఆయన్ని కాపర్ మ్యూల్‌కి తీసుకెళ్ళాను. ట్రక్కు ఎక్కుతూ, "మీరు బస్సు డ్రైవరా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ డ్రైవరంటే ఆయనకు మంచి అభిప్రాయం ఉన్నట్టుంది, దారంతా కబుర్లు చెప్పాడు. నాకు సగం వినపడలేదు. ఆయనకు సగం గుర్తు లేదు. ఇద్దరికీ సరిపోయింది.

వినపడాలని నేను చెవి ఆయన వైపు పెట్టుకుని నిలబడ్డాను. మిషను ముందు కూర్చోగానే పక్క సీటు చూసి, "ఆవిడ రాలేదా?" అన్నాడు.

"ఏ ఆవిడ?"

"ఇక్కడ కూర్చుంటుందే. మంచిది. ఏది నొక్కినా తిట్టదు."

నిద్రపోతోందని చెప్పాను. "పోనీ పాపం, పడుకోనీ" అన్నాడు. నీకు ఇది తెలియాలని రాస్తున్నాను. పేరు లేకపోయినా నువ్వున్నావు అక్కడ.

ఆరో ఏడో ఆటలో ఈ ముక్కలు వచ్చాయి: రెండు ఇస్పేటు, నాలుగు కళావరు, ఏడు ఆఠీను, తొమ్మిది డైమను, పది కళావరు. జత లేదు, వరస లేదు, బొమ్మ ముక్క ఒక్కటైనా లేదు. చీటీలో ఆఖరి వరుస. ఏమీ లేకపోతే అయిదూ పారేసి కొత్తవి తెచ్చుకో అని ఆయన చేత్తో రాసిందే. ఆయన రాణి కోసం కాసేపు వెతికాడు. లేదు. అప్పుడు ఒక్కో మీటా నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అన్నీ ఉంచేశాడు.

నేను ఊరుకోలేదు. నా సంగతి నీకు తెలుసు కదా. "బావా, వీటిలో ఏమీ లేదు. పారెయ్" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "పారేస్తే ఎక్కడికి పోతాయి?" అన్నాడు.

నిజంగా అడిగాడు, అక్కా. ఆ మిషను లోపల ప్రతి తీగా తెలిసిన మనిషి. మార్చే మీట నేనే నొక్కాను. ఏదీ మారలేదు. అయిదూ అలాగే ఉన్నాయి. మేం ఓడిపోయాం, ఆయన మాత్రం మిషను పక్కన చేత్తో తట్టి, పని బాగా జరిగినప్పటి నవ్వు ఒకటి నవ్వాడు.

ఎప్పుడో ఒక రోజు హెండర్సన్ కాగితాల మీద సంతకం తప్పదని నాకూ తెలుసు. అవి సొరుగులోనే ఉన్నాయి, నేను చింపలేదు. నా బలం కూడా ఎన్నాళ్ళో ఉండదు. ఆ రోజు వచ్చినప్పుడు ఇద్దరం కలిసి పెడదాం. కానీ అది ఇవాళ కాదు. నాన్న ఆసును పట్టుకుని కూర్చుంటే నవ్వాం కదా, ఇవాళ నాకు నవ్వు రాలేదు.

లేచాక వంట మొదలుపెట్టకు. గుడ్లు నేను వేయిస్తాను.

ఇంటికి వచ్చాక ఈ ఉత్తరం రాస్తుంటే బావ పక్కనే కూర్చుని చూస్తున్నాడు. పాత అలవాటు కదా అని కలం చేతికిచ్చి, కింద ఒక ముక్క రాయమన్నాను. చాలాసేపు పట్టింది. వంకరగా ఉంది గానీ చదవడానికి వస్తుంది. చీటీలో ఆయన ఎన్నిసార్లు రాశాడో ఆ మాట, చేతికే గుర్తున్నట్టుంది.

డెల్మర్

ఉంచు